తటస్థులను ఎలా లెక్కించాలి: డెబియన్ ఓటింగ్ సేవపై సమీక్ష

స్వచ్ఛంద సేవకుల సంఘాల్లో ఓటు వేయనివారి మౌనాన్ని వ్యతిరేకతగా లెక్కిస్తే ఏ తీర్మానమూ నెగ్గదు, అసలు లెక్కలోకే తీసుకోకపోతే గుప్పెడుమంది నిర్ణయం అందరి మీదా పడుతుంది. ఈ చిక్కుకు నేను చూసినంతలో, స్వచ్ఛంద సేవకులు కలిసి ఉచిత కంప్యూటర్ ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసే డెబియన్ సంఘం ఏర్పాటే మెరుగైన పరిష్కారం. బ్యాలెట్‌లో ప్రతి ప్రతిపాదన పక్కనా ఉన్న గడిలో 1, 2, 3 అని ప్రాధాన్యం రాసి, డిజిటల్ సంతకంతో ఈమెయిల్ పంపాలి. 'పైవేవీ కావు' అన్నదీ అందులో ఒక ఎంపికే. కోరం, అంటే నిర్ణయం చెల్లడానికి కావాల్సిన కనీస సంఖ్య, చూసేటప్పుడు ఎంతమంది ఓటేశారన్నది కాక, ఆ ప్రతిపాదనను 'పైవేవీ కావు' కంటే పైన ఎంతమంది పెట్టారన్నదే లెక్కిస్తారు. డెవలపర్ల (ఓటు హక్కున్న సభ్యుల) సంఖ్య వర్గమూలంలో సగానికి మూడింతలు కావాలి, అంటే వెయ్యిమంది ఉంటే 48 మంది మద్దతు చాలు. కాబట్టి తటస్థంగా ఉన్నవారు తీర్మానానికి అడ్డుపడరు, అలాగని వారి హాజరుతో కోరం నిండిపోదు కూడా. ఈ రెండో గుణం నాకు ఎంతో విలువైనదిగా తోచింది.

లోపం లేకపోలేదు. ఆలోచించి తటస్థంగా నిలిచిన సభ్యుడికీ, అసలు బ్యాలెట్ తెరవని సభ్యుడికీ కోరం లెక్కలో తేడా కనిపించదు. ఆ తేడాను ఫలితాల్లో విడిగా ప్రకటించాలని నా గట్టి అభిప్రాయం. అయినా, సంఘం నియమావళి రాసుకుంటున్న వారికి ఈ విధానాన్ని నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను.