గవర్నర్‌ను శాసనసభ ఎన్నుకుంటే మేలా, జనం ఎన్నుకుంటే మేలా?

అమెరికాలో గవర్నర్ అంటే మన దగ్గరలా రాష్ట్రపతి నియమించే మనిషి కాదు, అధికారంలో మన ముఖ్యమంత్రి లాంటివాడు. 1776లో బ్రిటిష్ రాజుతో తెగతెంపులయ్యాక ఆ కుర్చీలో ఎవరు కూర్చోవాలన్నది ఒక్కో రాష్ట్రం ఒక్కోలా తేల్చుకుంది.

వర్జీనియా ఆ పని శాసనసభకే అప్పజెప్పింది. రాజు పంపిన గవర్నర్ల పెత్తనం చూసి విసిగిపోయారు కదా, అందుకని ఏటేటా రెండు సభలూ కలిసి ఎన్నుకోవాలి, వరుసగా మూడేళ్లకు మించి ఉండకూడదు, సభ చేసిన చట్టాన్ని ఆపే వీటో లేదు, ఏం చేయాలన్నా ఎనిమిది మంది కౌన్సిల్‌ను అడగాలి అంటూ కాళ్లూ చేతులూ కట్టేశారు. తొలిసారి రాజ్యాంగం రాసిన సభే ఓటేసింది: ప్యాట్రిక్ హెన్రీకి 60, థామస్ నెల్సన్‌కు 45, జాన్ పేజ్‌కు 1. ప్రచారం లేదు, ఖర్చు లేదు, ఒక్క పూటలో పని అయిపోయింది. బాగానే ఉంది అనిపిస్తుంది.

1781 జూన్ దాకా. అప్పటి గవర్నర్ థామస్ జెఫర్సన్ పదవీకాలం 2వ తేదీతో ముగిసింది, కొత్త గవర్నర్‌ను ఎన్నుకోవాల్సిన సభ్యులేమో బ్రిటిష్ గుర్రపు దళం వస్తోందని తెలిసి 4న షార్లట్స్‌విల్ వదిలి పరుగు పెట్టారు. స్టాంటన్‌లో మళ్లీ కూడి 12న ఇంకో థామస్ నెల్సన్‌ను ఎన్నుకునేదాకా, యుద్ధం ముంచుకొచ్చిన వేళ, రాష్ట్రానికి ఎన్నికైన గవర్నరే లేడు!

న్యూయార్క్ 1777లో జనానికే ఓటిచ్చింది. జనం అంటే అందరూ అనుకునేరు, వంద పౌండ్ల విలువైన సొంత భూమి ఉన్న మగవాళ్లు. మూడేళ్ల పదవి. ఆ అక్టోబరులో బ్రిటిష్ వాళ్లు రాజధాని కింగ్‌స్టన్‌ను తగలబెట్టినా గవర్నర్ జార్జ్ క్లింటన్ పదవి చెక్కుచెదరలేదు, ఎందుకంటే అది సభ కూడడం మీద ఆధారపడ్డది కాదు. ఇబ్బందల్లా ఆయన వరుసగా 18 ఏళ్లు కదలకపోవడమే.

1792 గోల కూడా చెప్పాలి. గవర్నర్ ఎన్నికలో క్లింటన్‌కు జాన్ జేతో పోటీ, అందులో మూడు కౌంటీల (మన జిల్లాల్లాంటివి) ఓట్లు చెల్లవన్నారు. వాటిలో ఒకటైన ఆట్‌సెగో ఓట్ల పెట్టె పంపిన షెరీఫ్ (కౌంటీ అధికారి) పదవీకాలం అప్పటికే అయిపోయిందట, అదీ సాకు. క్లింటన్ 108 ఓట్లతో గట్టెక్కాడు. అయితే ఆ ఓట్లు పక్కన పడేసింది ఎవరు? శాసనసభ వేసిన కమిటీ!

అందుకే నా ఓటు న్యూయార్క్ పద్ధతికే. వర్జీనియా కూడా 1851లో అటే వచ్చింది. ఇక జే సంగతంటారా, 1795లో ఆయన ఒప్పందం పని మీద ఇంగ్లండ్ వెళ్లి ఇంకా తిరిగి రాకముందే ఓటర్లు గెలిపించేశారు, ఓడ దిగాక చూసుకుంటే గవర్నర్.