చెవి సమస్య మనసును ఎంత నొప్పిస్తోంది? కొలవడానికి హెచ్‌హెచ్‌ఐఈ మేలా, కోసీ మేలా?

ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష ఫలితపు గ్రాఫ్) ఒకేలా ఉన్న ఇద్దరిలో ఒకరు సభలకూ సమావేశాలకూ హాయిగా తిరుగుతుంటారు, మరొకరు శుభలేఖ అందగానే సాకు వెతుక్కుంటారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం కూడా చూసేది వినికిడి ఎన్ని డెసిబెల్స్ తగ్గిందనే, రెండు చెవుల్లోనూ కనీసం 60. మిగతాది అడిగి తెలుసుకోవాల్సిందే. హెచ్‌హెచ్‌ఐఈ, కోసీ అందుకు వాడే రెండు ఫారాలు.

హెచ్‌హెచ్‌ఐఈని (హియరింగ్ హ్యాండిక్యాప్ ఇన్వెంటరీ ఫర్ ది ఎల్డర్లీ) వెంట్రీ, వైన్‌స్టైన్ 1982లో పెద్దవయసు వాళ్ల కోసం తయారుచేశారు. మొత్తం 25 ప్రశ్నలు: 13 మనసు గురించి, 12 నలుగురిలో మెలగడం గురించి. అవునంటే 4, అప్పుడప్పుడంటే 2, లేదంటే 0, మొత్తం 100కి. 65 ఏళ్లలోపు వాళ్లకు దీని మరో రూపం హెచ్‌హెచ్‌ఐఏ 1990లో వచ్చింది. తీరిక లేకపోతే 10 ప్రశ్నల పొట్టి రూపం ఉంది, 40కి. అందులో 8 వరకు ఇబ్బంది లేనట్టే, 10–24 కొద్దిపాటి నుంచి మోస్తరు, 26 నుంచి తీవ్రం.

హెచ్‌హెచ్‌ఐఈ ఎక్కువగా దెబ్బతినేది నలుగురిలోకి వెళ్లకుండా తప్పించుకు తిరిగేవాళ్ల దగ్గర. చుట్టాలతో హోటల్‌కి వెళ్తే మాటలు వినడం కష్టమా అంటే ఠక్కున "లేదు" అంటారు. వెళ్లడం మానేసి ఏళ్లయింది మరి! చెవి సమస్య వల్ల మానేసిన పని గురించైనా సరే, ప్రశ్న వదలొద్దని ఫారంలోని సూచనే చెబుతుంది. "ఇప్పుడు వెళ్తే ఎలా ఉంటుంది?" అని అడగండి. పక్కనున్న కొడుకు జవాబు అందుకుంటే అది కొడుకు స్కోరే. ఇంగ్లిష్ ఫారం చూస్తూ నోటికొచ్చినట్టు తెలుగు చేస్తే ప్రతిసారీ ప్రశ్న మారిపోతుంది. ముందే ఒక తెలుగు పాఠం రాసిపెట్టుకోవాలి. చెవి మిషను పెట్టాక మళ్లీ కొలిచేటప్పుడు పద్ధతి కూడా మార్చకూడదు. 25 ప్రశ్నలూ రెండుసార్లూ ఎదురుగా కూర్చుని అడిగితే 19 పాయింట్లు తగ్గినా నిజమైన మార్పే. రెండుసార్లూ కాగితం ఇచ్చి నింపమంటే 36 తగ్గాలి. అందుకే అడగడమే నయం.

కోసీ (క్లయింట్ ఓరియెంటెడ్ స్కేల్ ఆఫ్ ఇంప్రూవ్‌మెంట్) దారి వేరు. ఆస్ట్రేలియా నేషనల్ అకూస్టిక్ లాబొరేటరీస్ నుంచి 1997లో వచ్చింది. ఇందులో సిద్ధంగా ఉన్న ప్రశ్నలు లేవు. మనిషి తనకు కావాల్సినవి ఐదు దాకా చెబితే ముఖ్యమైనది ముందుండేలా రాసుకోవాలి. "బాగా వినబడాలి" అని రాస్తే దండగ. "రాత్రి టీవీ మోగుతుండగా, కోడలు ఎదురుగా కూర్చుని అడిగింది ఒక్కసారికే అర్థం కావాలి" అని రాస్తేనే తర్వాత కొలవగలం. మిషను వాడిన కొన్ని వారాలకు రెండు అడగాలి: ఎంత మెరుగైంది, ఇప్పుడు ఎన్నిసార్లు వినగలుగుతున్నారు. రెండోదానికి 10, 25, 50, 75, 95 శాతం మెట్లుంటాయి.

అయితే కోసీతో ఒకరిని మరొకరితో పోల్చలేం. పైగా మనవాళ్లు టీవీ, ఫోను అని చెప్తారు గానీ సిగ్గుగా ఉందని వాళ్లంతట వాళ్లు చెప్పరు. చెప్పిన అవసరాలను సర్దడానికి కోసీలో ఉన్న 16 వర్గాల్లో నలుగురిలో వెలివేసినట్టుండటం, సిగ్గుపడటం, కోపం రావడం కూడా ఉన్నాయి. వాటిని పైకి చదివి వినిపించాలి.

శిబిరంలో వందమందిని చూడాలన్నా, అధ్యయనం చేయాలన్నా హెచ్‌హెచ్‌ఐఈ. ఒక మనిషికి మిషను అమర్చేటప్పుడు కోసీ. క్లినిక్‌లో మాత్రం మా ఓటు రెండింటికీ: ముందు పొట్టి ఫారం అడిగి, మొత్తం స్కోరు పక్కనపెట్టి, "అవును" పడ్డ ప్రశ్నలనే కోసీలోకి దించండి. ఇంట్లో గొడవలవుతున్నాయా అన్నదానికి అవునంటే ఎవరితో, ఏ గదిలో, ఏ వేళప్పుడో అడిగి రాయాలి. వినడం మెరుగైనా మనసు ప్రశ్నల స్కోరు దిగకపోతే మిషను సెట్టింగులు తిప్పుతూ కూర్చోకుండా కౌన్సెలింగ్‌కు పంపాలి.