తొమ్మిది నెలలు, పదకొండు పెట్టెలు: సైనికులకు పార్సిళ్లు చేర్చే ఏపీఓ ఫ్లాట్ రేట్ సేవపై సమీక్ష

అమెరికా సైన్యంలో పనిచేస్తున్న మా అబ్బాయిని రెండేళ్ల క్రితం తొమ్మిది నెలల డిప్లాయ్‌మెంట్ మీద కువైట్ పంపించారు. న్యూజెర్సీలోని మా ఇంటి నుంచి ఆ తొమ్మిది నెలల్లో వాడికి పదకొండు పెట్టెలు, వారానికి ఒకటి చొప్పున ఉత్తరాలు పంపాము. అన్నీ అమెరికా తపాలా సంస్థ యూఎస్‌పీఎస్ ద్వారానే వెళ్లాయి. వాటిలో పది పెట్టెలు ‘ఏపీఓ/ఎఫ్‌పీఓ లార్జ్ ఫ్లాట్ రేట్ బాక్స్’ అనే, సైనిక చిరునామాలకు ఒకే నిర్ణీత ధరకు పంపే, ఒక్క రకానివే. పిల్లలు సైన్యంలో ఉన్న తెలుగు కుటుంబాలు మాకు తెలిసినవే మరో రెండు ఉన్నాయి. పిల్లవాడికి ప్రయాణం ఖాయం కాగానే వాళ్లు ఫోన్ చేసి అడిగే మొదటి ప్రశ్న ‘ఆవకాయ పంపవచ్చా?’ అన్నదే కాబట్టి, ఆ ప్రశ్నకు జవాబు చెప్పటానికే ఇది రాస్తున్నాను.

ముందుగా ఈ సేవ పనిచేసే తీరు తెలుసుకోవాలి. విదేశాల్లో ఉన్న సైనికుడి చిరునామాలో ఊరి పేరు ఉండదు. దాని స్థానంలో పదాతి, వైమానిక దళాలకు ఏపీఓ అనీ, నౌకాదళానికి ఎఫ్‌పీఓ అనీ, రాయబార కార్యాలయాలకు డీపీఓ అనీ రాస్తారు. రాష్ట్రం పేరు ఉండవలసిన చోట ఏఏ, ఏఈ, ఏపీ అనే మూడింటిలో ఒకటి వస్తుంది. ఏపీ అంటే మన ఆంధ్రప్రదేశ్ కాదు, పసిఫిక్ ప్రాంతం. కువైట్‌లో ఉన్నవాడికి ఏఈ వర్తిస్తుంది. యూరప్ పేరు మీద ఉన్న ఆ విభాగంలోనే మధ్యప్రాచ్యం, ఆఫ్రికా కూడా కలిసి ఉన్నాయి. అన్నిటికన్నా ముఖ్యంగా గుర్తుంచుకోవలసింది, కవరు మీద ‘కువైట్’ అనే మాట రాయకూడదన్నది. రాస్తే ఆ ఉత్తరం సైనిక తపాలాలోకి వెళ్లకుండా ఆ దేశపు తపాలాలోకి వెళ్లిపోయే ప్రమాదం ఉంది. కొడుకు ఏ దేశంలో ఉన్నాడో తెలిసి కూడా ఆ దేశం పేరు రాయకుండా చెయ్యి బిగబట్టుకోవటం మొదట్లో నాకు వింతగా అనిపించేది.

ఇలా ఊరూ దేశమూ లేని చిరునామా వల్ల ఒక పెద్ద లాభం ఉంది. తపాలా సంస్థ ఆ పార్సిల్‌ను అమెరికా గడ్డ మీదే సైనిక తపాలా వ్యవస్థకు అప్పగిస్తుంది, అక్కడి నుంచి మోసుకెళ్లే బాధ్యత రక్షణ శాఖది. అందువల్ల మనం చెల్లించేది దేశీయ రుసుము మాత్రమే. ఫ్లాట్ రేట్ పెట్టెను న్యూజెర్సీ నుంచి డాలస్‌లోని బంధువులకు పంపినా, ఎడారిలోని శిబిరానికి పంపినా పోస్టాఫీసు కౌంటరులో లెక్క దాదాపు ఒకటే. ప్రైవేటు కొరియర్ల వ్యాన్లు ఆ శిబిరాల గుమ్మం దాకా వెళ్లవు కాబట్టి ఈ విషయంలో పోల్చి చూడటానికి పెద్దగా ఏమీ లేదు.

ఇక పెట్టె సంగతి. పన్నెండు అంగుళాల పొడవు, పన్నెండు అంగుళాల వెడల్పు, అయిదున్నర అంగుళాల లోతు ఉన్న ఈ అట్టపెట్టెను 2008 మార్చిలో ప్రవేశపెట్టారు. మామూలు చిరునామాలకు అప్పట్లో దాని ధర 12.95 డాలర్లు అయితే సైనిక చిరునామాలకు 10.95 డాలర్లు. ధరలు ఆ తరువాత చాలాసార్లు పెరిగాయి కానీ సైనికులకు కొంత తగ్గించి ఇవ్వటం మాత్రం కొనసాగుతూనే ఉంది. నిజం చెప్పాలంటే ఆ తగ్గింపు నామమాత్రమే, అది కూడా పెద్ద పెట్టెకే గానీ మధ్యరకం పెట్టెకు లేదు. దాన్ని చూసి ఈ సేవను మెచ్చుకోవలసిన అవసరం లేదు. మెచ్చుకోవలసింది మరొకటి ఉంది. ఈ పెట్టెకు బరువుతో సంబంధం లేదు. మూత మామూలుగా మూతపడితే చాలు, 70 పౌండ్ల దాకా, అంటే సుమారు 32 కిలోల దాకా, ఎంత బరువున్నా ధర ఒక్కటే.

తెలుగు వంటింటికి ఇంతకన్నా అనువైన ఏర్పాటు మరొకటి ఉంటుందని నేను అనుకోను. మన పిండివంటల్లో చాలా భాగం చూడటానికి చిన్నవి, చేతిలోకి తీసుకుంటే బరువైనవి. సున్నుండలు, అరిసెలు, నువ్వుల ఉండలు, కంది పొడి, కరివేపాకు కారం, నల్ల కారం వంటివి ఒకదాని పక్కన ఒకటి సందు లేకుండా పేర్చుకుంటూ పోతే ఆ చిన్న పెట్టెలోనే ఎంతో పడుతుంది. మేము పంపిన వాటిలో అన్నిటికన్నా బరువైన పెట్టె 19 పౌండ్లు తూగింది. కౌంటరులో ఉన్న ఆమె దాన్ని రెండు చేతులతో ఎత్తి, లోపల ఇటుకలు పెట్టారా అని నవ్వుతూ అడిగింది. పప్పుపిండి ఉండలని ఆమెకు వివరించటానికి నాకు రెండు నిమిషాలు పట్టింది. దీనికి భిన్నంగా జంతికలు, చేగోడీలు, చెక్కలు మాత్రమే పంపేవారికి ఈ పెట్టె గిట్టుబాటు కాదు, ఎందుకంటే అవి చోటు తింటాయి కానీ బరువు ఉండవు. మా పదకొండింటిలో మిగిలిన ఒక్క పెట్టె అలాంటిదే కావటంతో బరువును బట్టి ధర కట్టే మామూలు పెట్టెలో పంపాము, కొంత చవకగానే అయింది.

పెట్టెలు కొనవలసిన పని లేదు, పోస్టాఫీసులో ఉచితంగా ఇస్తారు. సైనిక కుటుంబాల కోసం ‘మిలిటరీ కేర్ కిట్’ పేరుతో పెట్టెలు, టేపు, చిరునామా చీటీలు, కస్టమ్స్ ఫారాలు అన్నీ కలిపి ఇంటికే ఉచితంగా పంపిస్తారు. మొదటిసారి పంపేవారు దాన్ని తెప్పించుకుంటే సగం తడబాటు తగ్గుతుంది.

మిగతా సగం తడబాటు కస్టమ్స్ ఫారం దగ్గర ఉంటుంది. దేశీయ రుసుమే తీసుకున్నా లోపల ఏముందో మాత్రం వివరంగా ప్రకటించాలి. ‘తినుబండారాలు’ అని రాసి ఊరుకుంటే సరిపోదు. అరిసెను ‘బియ్యప్పిండి, బెల్లంతో చేసిన తీపి వంటకం’ అనీ, కంది పొడిని ‘వేయించిన పప్పుతో చేసిన మసాలా పొడి’ అనీ ఇంగ్లీషులో రాయటం నాకు మెల్లమెల్లగా అలవాటైంది. ఈ వివరాలను ఇంట్లోనే కంప్యూటరులో నింపి లేబుల్ అచ్చు వేసుకుని వెళితే కౌంటరులో పని తొందరగా అవుతుంది. పంచకజ్జాయానికి మాత్రం ఇప్పటికీ నాకు సరైన ఇంగ్లీషు దొరకలేదు.

నిషేధాల జాబితా జిప్ కోడును బట్టి మారుతుంది. దాన్ని తపాలా సంస్థ రెండు వారాలకొకసారి వెలువరించే పోస్టల్ బులెటిన్‌లో చూసుకోవచ్చు. కువైట్ వంటి చోట్లకు మద్యం, పంది మాంసం, అశ్లీల సామగ్రి పంపకూడదు. ఇస్లాంకు విరుద్ధమైన మత సామగ్రిని పెద్ద మొత్తంలో పంపటం నిషిద్ధం, అయితే ఆ సైనికుడి సొంత వాడకానికి పంపేవి ఫరవాలేదు. అందుచేత వేంకటేశ్వరస్వామి చిన్న పటం ఒకటి, సీలు వేసిన కుంకుమ పొట్లం ఒకటి మొదటి పెట్టెలోనే వెళ్లాయి. విభూతి పెడదామని నా భార్య అంటే నేను వద్దన్నాను. 2001లో ఆంత్రాక్స్ అనే ప్రాణాంతక వ్యాధి క్రిముల పొడి పెట్టి పంపిన ఉత్తరాల తరువాత ఈ దేశంలో తపాలా ఉద్యోగులకు తెల్లటి పొడి అంటే ఉన్న భయం నాకు గుర్తుంది. ‘ఏ సైనికుడికైనా’ అని పేరు లేకుండా రాసే ఉత్తరాలను అనుమతించే పద్ధతిని ఆపివేసింది కూడా ఆ సంవత్సరమే. ఇప్పుడు పేరు, చిరునామా తెలియని సైనికులకు పంపాలనుకునేవారు 2003లో కాలిఫోర్నియాలో మొదలైన ఆపరేషన్ గ్రాటిట్యూడ్ వంటి సేవాసంస్థల ద్వారా పంపవలసిందే.

జాబితాలో కనిపించని హెచ్చరిక ఒకటి తెలుగువారికి ప్రత్యేకంగా చెప్పాలి. పెట్టెలో గసగసాలు ఉండకూడదు. తపాలా నియమాలకు దీనితో సంబంధం లేదు. కొన్ని రకాల గసగసాల్లో కొడీన్ అనే మత్తు పదార్థం అనుకున్నదానికన్నా ఎక్కువగా ఉండి, మూత్ర పరీక్షలో మాదకద్రవ్యం వాడినట్టు తేలే అవకాశం ఉందని, వాటిని తినవద్దని 2023 ఫిబ్రవరిలో రక్షణ శాఖ సైనికులను హెచ్చరించింది. మా ఇంట్లో అరిసెల మీద నువ్వులతో పాటు గసగసాలు అద్దటం మా అమ్మ నాటి నుంచి ఉన్న అలవాటు. మసాలా పొడిలోనూ అవి పడతాయి. అబ్బాయి ముందుగా చెప్పి ఉండకపోతే పండుగ పేరుతో వాడి ఉద్యోగానికే ఎసరు పెట్టి ఉండేవాళ్లం.

ఇప్పుడు ఆవకాయ. రెండో పెట్టెలో ప్లాస్టిక్ సీసాలో పెట్టి, మూత చుట్టూ టేపు వేసి పంపాము. నూనెను అంత తేలికగా ఆపగలమనుకోవటం నా తెలివితక్కువతనం. విమానంలోని ఒత్తిడికో, అక్కడి ఎండకో నూనె మెల్లగా ఊరి, కింద ఉన్న మేజోళ్లలోకి, వాటి కింద ఉన్న ఉత్తరంలోకి దిగింది. అబ్బాయి ఆ ఉత్తరాన్ని దీపానికి ఎదురుగా పట్టుకుని ఫొటో తీసి పంపాడు. కాగితం అద్దంలా పారదర్శకమై రెండు వైపుల అక్షరాలూ ఒకదాని మీద ఒకటి కనిపిస్తున్నాయి. అయినా మొత్తం చదివానన్నాడు, మేజోళ్లు మాత్రం పారేశాడట. ఆ తరువాత మేము పెట్టుకున్న నియమం ఇది. ఆవకాయ నుంచి నూనె పూర్తిగా వడగట్టి, ముక్కలను పిండి మాత్రం పట్టి ఉండేలా తీసి, గాలి లేకుండా సీలు చేసే మందపాటి సంచిలో పెట్టి, దాన్ని మరో సంచిలో పెట్టి పంపాలి. నూనె అక్కడి భోజనశాలలోనే దొరుకుతుంది. పెట్టెలో ఏమున్నా ఉత్తరం మాత్రం వేరే కవరులో, వేరే రోజున పంపాలి.

ఉత్తరాల విషయంలో నాకు చెప్పటానికి మంచి మాటలే ఉన్నాయి. మామూలు దేశీయ స్టాంపు (2025 జూలైలో దాని ధర 78 సెంట్లు) అంటిస్తే చాలు. చిరునామా ఇంగ్లీషులో ఉంటే లోపల ఏ భాషలో రాసుకున్నా ఎవరికీ పట్టింపు లేదు. యుద్ధ ప్రాంతాలుగా నిర్ణయించిన చోట్ల నుంచి సైనికులు తిరిగి రాసేటప్పుడు స్టాంపు ఉండవలసిన చోట ‘ఫ్రీ మెయిల్’ అని చేత్తో రాస్తే సరిపోతుంది. తెనాలి నుంచి వచ్చే బంధువుల చేతికి మా అమ్మ ఒక ఉత్తరం ఇచ్చి పంపింది. ‘చిరంజీవి మనవడికి నాయనమ్మ ఆశీర్వదించి వ్రాయునది’ అంటూ మొదలుపెట్టి, పేజీ చివర చోటు చాలక అంచుల వెంట తిప్పి తిప్పి రాసిన ఉత్తరం అది. చిన్నప్పుడు ఆదివారాలు మనబడికి వెళ్లి నేర్చుకున్న అక్షరాలు కూడబలుక్కుని, దాన్ని చదవటానికి వాడికి రెండు సాయంత్రాలు పట్టిందట. వీడియో కాల్ చేస్తే అయిదు నిమిషాల్లో తీరిపోయే కబుర్లే అవి, కానీ ఆ కాగితాన్ని వాడు ఇంకా దాచుకున్నాడు.

చేరటానికి పట్టే సమయం గురించి కచ్చితమైన మాట ఎవరూ చెప్పలేరు. మా పెట్టెలు పదకొండు రోజుల నుంచి మూడు వారాల దాకా తీసుకున్నాయి. పార్సిల్ సైన్యం చేతికి వెళ్లాక ట్రాకింగ్‌లో కొన్ని రోజుల పాటు ఏమీ కనిపించకపోవటం మామూలే, కాబట్టి రోజూ చూసి బెంగపడటం అనవసరం. క్రిస్మస్‌కు చేరాలంటే ఎప్పటిలోగా వేయాలో తపాలా సంస్థ ఏటా తేదీలు ప్రకటిస్తుంది. మన సంక్రాంతికి అలాంటి తేదీ ఎవరూ ప్రకటించరు కాబట్టి మనమే వెనక్కి లెక్కపెట్టుకోవాలి. డిసెంబరు రద్దీలో చిక్కుకోకూడదని మేము నవంబరు చివరి వారంలోనే అరిసెలు వండాము. బెల్లం పాకం కాస్త ముదురుగా పడితే అరిసె నెల రోజులు తేలికగా నిలుస్తుంది. చాక్లెట్లు, నేతి మిఠాయిలు మాత్రం మే నుంచి సెప్టెంబరు దాకా కువైట్‌కు పంపవద్దు.

ఇంట్లో వండే తీరిక లేనివారి కోసం పెట్టె సిద్ధం చేసి నేరుగా సైనిక చిరునామాకు పంపే వ్యాపారులు కూడా ఉన్నారు. అలాంటి ఒకరి దగ్గర పుట్టినరోజుకు ఒక పెట్టె కొన్నాను. లోపల వచ్చినవన్నీ వాడి శిబిరంలోని దుకాణంలోనే దొరికే బిస్కెట్లు, మిఠాయిలు. పెట్టిన డబ్బు వృథా అయిందనే నా అభిప్రాయం.

చివరిగా, తిరుగు ప్రయాణం దగ్గర పడినప్పుడు కనీసం నెలన్నర ముందే పెట్టెలు ఆపేయాలి. అబ్బాయి అదే చెప్పాడు, కానీ నా భార్య మనసు ఊరుకోక మూడు వారాల ముందు ఇంకో పెట్టె వేయించింది. అది చేరేసరికి వాడు అక్కడ లేడు. వాడు ఇంటికి వచ్చిన నెల తరువాత, మూలలు అణిగిపోయి, పక్కన తిరుగు ముద్రతో ఆ పెట్టె మా గుమ్మంలోకి వచ్చింది. వంటింటి బల్ల మీద పెట్టి వాడే కత్తెరతో టేపు కోసి తెరిచాడు. సున్నుండల్లో నెయ్యి కాస్త పాతబడిన వాసన వేస్తోంది. నా భార్య వద్దంటున్నా వినకుండా రెండు తిన్నాడు.