‘పైనుంచి రాగానే ఇస్తా’ అంటే చెల్లదన్న పెద్దమనిషి: ఐర్లాండు సెనేటర్ ఫర్గల్ క్విన్ సభాప్రసంగాల మీద నా రివ్యూ

రేటింగు అయిదుకి నాలుగు స్టార్లు. ఆ ఒక్కటీ ఎందుకు కోశానో తర్వాత చెప్తా.

నేను మామూలుగా రివ్యూలు రాసేది కటింగ్ మిషన్ల మీద, గ్రానైట్ బ్లేడ్ల మీద. మూడు నెలలకే అరిగిపోయిన బ్లేడు గురించి రాస్తే కంపెనీ వాళ్లు ఫోన్ చేసి కొత్తది పంపారు కూడా. ఈసారి రాసేది మాత్రం ఒక మనిషి సభలో మాట్లాడిన మాటల మీద. ఆయన పోయి ఆరేడేళ్లయింది. ఊరు డబ్లిన్. నాకూ ఆయనకీ ఏమీ సంబంధం లేదు, మొండి బకాయి తప్ప.

ఒంగోల్లో మాది ఫ్లోరింగు పని. గ్రానైట్ పరచడం, మెట్లు, స్కర్టింగు, పాలిషింగు. బేల్దార్లు, హెల్పర్లు కలిపి పద్నాలుగు మంది. చీమకుర్తి గెలాక్సీ రాయి దేశదేశాలకి పోతుంది గానీ దాన్ని పరిచినోడి కూలి మాత్రం సైటు గేటు దాటి బయటికి రాదు. రెండేళ్ల కిందట ఒక హాస్టల్ బిల్డింగు పని చేశాను. పేరు రాయను. నా బిల్లు 6,80,000. చేతికొచ్చింది 2,10,000. మిగతాది అడిగితే మెయిన్ కాంట్రాక్టరు నోట ఒకటే మాట: “పైనుంచి రాలా. రాగానే నీదే ఫస్టు.” దసరా అన్నాడు, సంక్రాంతి అన్నాడు, ఉగాది కూడా పోయింది. పనోళ్లకి నేను అట్టా చెప్పలేను గదా. శనివారం సాయంత్రానికి డబ్బులివ్వకపోతే సోమవారం పొద్దున పనికొచ్చేదెవరు? ఇంట్లో గొలుసు తాకట్టు పెట్టా, నూటికి రెండు వడ్డీకి.

మా మేనల్లుడు ఐర్లాండులో కార్క్ అనే ఊళ్లో క్వాంటిటీ సర్వేయరు, అంటే బిల్డింగు పనుల కొలతలు, ఖర్చులు లెక్కగట్టే ఉద్యోగం. ఒకరోజు ఫోన్లో ఈ సోదంతా చెప్పుకుంటుంటే వాడన్నాడు: “మామా, ఇక్కడ ఆ మాట చట్టప్రకారం చెల్లదు. పైనుంచి రాలేదని కిందోడికి ఆపకూడదు.”

“అబద్ధాలు చెప్పబాకరా అబ్బయా” అన్నా.

వాడు ఊరుకోలా. వాళ్ల పార్లమెంటు చర్చల రికార్డు యాడుందో చూపించి, ఫర్గల్ క్విన్ అనే పేరు వెతకమన్నాడు. అట్టా మొదలైంది.

ముందు ఆ రికార్డు గురించి రెండు ముక్కలు. వాళ్ల కింది సభ డాల్, పై సభ షానడ్. డాల్ చర్చలు 1919 నుంచి, షానడ్ చర్చలు 1922 నుంచి ఉన్నాయి. రూపాయి ఖర్చు లేదు. సభ్యుడి పేరు కొడితే ఆయన ఏ రోజు ఏ బిల్లు మీద ఏం మాట్లాడాడో మొత్తం వస్తుంది, మధ్యలో ఇంకొకరు అడ్డు తగిలితే అది కూడా. నాది బీకాం, ఇంగ్లీషు కూడబలుక్కుని చదువుతా. అయినా ఐరిష్ పదాలు మింగుడుపడలా. ప్రధానమంత్రిని టీషక్ అంటారు, అధ్యక్షస్థానంలో కూర్చున్నాయన బిరుదైతే ఇప్పటికీ నా నోరు తిరగదు. ఇంకో తిప్పలేందంటే, బిల్లు అయిదు దశల్లో నడుస్తుంది. మొదట ప్రవేశపెట్టడం, రెండోది అసలు బిల్లు అవసరమా లేదా అన్న చర్చ, మూడోది ఒక్కో సెక్షనూ విప్పి చూసే కమిటీ దశ, తర్వాత ఇంకో రెండు. నేను తెలీక మూడో దశ నుంచి మొదలుపెట్టా. ఎవరు ఏ పదం మార్చమంటున్నారో, ఎందుకు మార్చమంటున్నారో అర్థంకాక తల వాచిపోయింది. మీరు రెండో దశ నుంచి చదవండి.

ఇక మనిషి సంగతి. క్విన్ రాజకీయాల్లో పుట్టి పెరిగినాయన కాదు, దుకాణదారు. 1960లో డండాక్ అనే ఊళ్లో కిరాణా మొదలుపెట్టి దాన్ని సూపర్‌క్విన్ అనే సూపర్ మార్కెట్ల వరసగా పెంచాడు. ఓనరు అయ్యుండి కౌంటరు దగ్గర నిలబడి కొన్నోళ్ల సరుకులు సంచుల్లో సర్దేవాడట. 1984లో ప్రభుత్వ తపాలా పనిని విడదీసి ఆన్ పోస్ట్ అనే సంస్థ పెట్టినప్పుడు దానికి ఛైర్మన్‌గా ఉన్నాడు. 1993 నుంచి 2016 దాకా సెనేటరు. ఏ పార్టీ కాదు, స్వతంత్రుడు.

సెనేటరు ఎట్టా అయ్యాడో చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. షానడ్‌లో 60 మంది. అందులో ఆరుగురిని యూనివర్సిటీ పట్టభద్రులు ఎన్నుకునేవాళ్లు. మన పట్టభద్రుల ఎమ్మెల్సీ మాదిరే! 2023 మార్చి 13న నేనూ లైన్లో నిలబడ్డా, ప్రకాశం, నెల్లూరు, చిత్తూరు పట్టభద్రుల నియోజకవర్గానికి. పేర్ల ఎదురుగా 1, 2, 3 అని అంకెలు వెయ్యాలి, అదీ వాళ్లిచ్చిన ఊదారంగు పెన్నుతోనే. ఐర్లాండులో కూడా అదే అంకెల పద్ధతి. కాకపోతే పట్టభద్రులు లైన్లో నిలబడక్కర్లేదు, ఓటు పోస్టులో పంపుతారు. తపాలా సంస్థ నడిపినాయనకి పోస్టులో ఓట్లొచ్చాయన్నమాట.

ఓటైతే వేశాను గానీ, మన పై సభలో ఎవరు ఏం మాట్లాడారో ఒక్క రోజన్నా చదివానా? లేదు. పరాయి దేశం సెనేటరువి పదిహేను రాత్రులు కూర్చుని చదివా. మా ఇంటావిడ అడిగింది కూడా, “ఆ ఐర్లాండాయన నీ బిల్లేమన్నా ఇస్తాడా?” అని.

ఆమెకి చెప్పిందే మీకూ చెప్తా. 2008 తర్వాత ఐర్లాండులో కట్టుబడి పనులు, అంటే కన్‌స్ట్రక్షన్ పనులు, ఒక్కసారిగా కూలిపోయాయి. పైనున్న పెద్ద కంపెనీలు డబ్బు బిగించేసరికి కిందున్న కరెంటు పనివాళ్లు, ప్లంబర్లు, నాలాంటి ఫ్లోరింగు వాళ్లు నలిగిపోయారు. 2010లో క్విన్ సొంతంగా ఒక బిల్లు పెట్టాడు, కట్టుబడి ఒప్పందాల బిల్లు. ప్రభుత్వం తెచ్చింది కాదు. పార్టీ బలం లేని ఒక్క సెనేటరు తెచ్చిన బిల్లు చట్టమయ్యేదాకా పోవడం ఆ దేశంలోనూ అరుదే. మధ్యలో 2011లో ప్రభుత్వం మారింది. మన దగ్గరైతే పాత ప్రభుత్వం నాటి కాగితమని అటక మీద పడేసేవాళ్లేమో. అక్కడ కొత్తోళ్లు దాన్నే ముందుకు తీసుకుపోయారు. 2013 జులైలో చట్టమైంది.

అందులో ఉన్నది నా భాషలో ఇది. సబ్‌కాంట్రాక్టరు ముప్పై రోజులకొకసారి బిల్లు పెట్టొచ్చు. బిల్లు తేదీ నుంచి ముప్పై రోజుల్లో డబ్బు ఇవ్వాలి. అంత ఇవ్వను అనుకుంటే ఇరవై ఒక్క రోజుల్లోపు ఎంత ఇస్తాడో, మిగతాది ఎందుకు కోశాడో కాగితం మీద రాసివ్వాలి. నోటిమాట కుదరదు. ఇవ్వకపోతే ఏడు రోజుల ముందు నోటీసిచ్చి పని ఆపొచ్చు. కోర్టుకి పోకుండా అడ్జుడికేటరు అనే మధ్యవర్తి దగ్గరికి పోతే ఆయన ఇరవై ఎనిమిది రోజుల్లో తేల్చాలి, మనం ఒప్పుకుంటే ఇంకో పద్నాలుగు రోజులు. ఆయన చెప్పింది ముందు కట్టాలి, కొట్లాట ఉంటే తర్వాత కోర్టులో చూసుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యం, ‘నాకొస్తే నీకిస్తా’ అనే షరతు ఒప్పందంలో రాసినా చెల్లదు, పైవాడు దివాలా తీసిన సందర్భాల్లో తప్ప. ఆ సెక్షను నేను మూడుసార్లు చదివా. మూడోసారి మా పెద్ద మేస్త్రీకి తెలుగులో చెప్పా. ఆయన బీడీ ఆర్పేసి, “అయితే అక్కడోళ్లకీ ఇదే మాట చెప్తారన్నమాట” అన్నాడు. నాకు ఆ కోణం తట్టనే లేదు. చట్టం పెట్టి మరీ కొట్టేశారంటే ఆ మాట అక్కడ ఎంతమంది నోట ఎన్నిసార్లు తిరిగి ఉండాలి!

చదివినంతలో క్విన్‌లో నాకు నచ్చింది, అంగడి నడిపినోడు మాట్లాడినట్టు మాట్లాడతాడు. డబ్బు ఒక చోట ఆగితే కిందెవరు ఆగిపోతారో ఆయనకి తెలుసు. పెద్ద పెద్ద తిట్లు లేవు, బల్లలు గుద్దడం లేదు. ఒక ఊళ్లో కౌన్సిల్ మీటింగు చూశాను, అజెండాలో ముప్పై అంశాలు, కాఫీ తాగేలోపు అన్నిటికీ ‘ఆమోదించడమైనది’. ఈ షానడ్ రికార్డులో ఒక్క పదం కోసం మంత్రీ సెనేటర్లూ పేజీలకి పేజీలు వాదించుకున్నారు. విసుగొస్తుంది, ఒప్పుకుంటా. కొన్ని రోజుల చర్చలు నిద్రమాత్రలే. కానీ గ్రానైట్ పని కూడా అంతే, రాయి పెట్టే ముందు లెవెల్ చూసుకోడానికే సగం టైము పోద్ది.

ఇంకో చోద్యం. ఏ సభలో ఈ బిల్లు పుట్టిందో ఆ షానడ్‌నే పీకెయ్యాలని అదే 2013లో అక్టోబరు 4న జనాన్ని ఓటు అడిగారు. ఖర్చు దండగన్నారు. ఉంచాలన్నోళ్లు 51.7 శాతం, తియ్యాలన్నోళ్లు 48.3. వెంట్రుకవాసిలో బతికింది. క్విన్ ఉంచాలన్న పక్షమే, కాకపోతే బాగు చేసి ఉంచాలని. మన మండలి కథ తెలిసిందే గదా. 1985లో రద్దు, 2007లో మళ్లీ పుట్టుక, 2020లో మళ్లీ రద్దు తీర్మానం, 2021లో ఆ తీర్మానమే వెనక్కి. మనల్ని మాత్రం ఎవరూ అడగలా.

ఇప్పుడు ఆ కోసిన స్టారు. 2010లో పెట్టిన బిల్లు 2013లో చట్టమైతే, అమల్లోకి వచ్చింది 2016 జులై 25న. అది కూడా ఆ తేదీ తర్వాత రాసుకున్న ఒప్పందాలకే. ఆరేళ్లు! ఎవరి కోసం తెచ్చారో ఆ మునిగిపోయినోళ్లకి పైసా రాలేదు. క్విన్‌ని అనడానికి లేదు, ఆయన చేతిలో ఉన్నది బిల్లు పెట్టడమే. కానీ రివ్యూ రాసేటప్పుడు డెలివరీ లేటైతే స్టారు తగ్గించడం మన అలవాటు. ఇంకో లోటు, సరుకు తెచ్చి దించి పోయేవాడికి ఈ చట్టం వర్తించదు, బిగించే పని కూడా ఒప్పందంలో ఉండాలి. అంటే రాయి పరిచే నాకు కాపుదల ఉంది, రాయి అమ్మే చీమకుర్తి షాపాయనకి లేదు. చిన్న పనులకీ లేదు, పదివేల యూరోలు దాటాలి.

మన దగ్గరా చట్టం లేకపోలేదు. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టంలో చిన్న సంస్థలకి 45 రోజుల్లో డబ్బివ్వాలని ఉంది, ఆలస్యమైతే చక్రవడ్డీ కూడా. మా ఆడిటరుకి చెప్తే, “నీకు ఉద్యమ్ రిజిస్ట్రేషనుందా? రాతకోతల ఒప్పందముందా?” అని అడిగాడు. ఉద్యమ్ అంటే చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర చేయించుకునే నమోదు. రెండూ లేవు. హాస్టల్ పని మొత్తం వాట్సాప్‌లో కుదుర్చుకున్నా, అందులో సగం వాయిస్ మెసేజీలు.

రిజిస్ట్రేషను పోయిన నెల చేయించా. కొత్తగా ఒక అపార్ట్‌మెంటు పని వచ్చింది, అయిదు ఫ్లోర్లు. ఈసారి వంద రూపాయల స్టాంపు కాగితం కొని, క్విన్ చట్టం ముందు పెట్టుకుని తెలుగులో నేనే రాశా: నెలకొకసారి బిల్లు, ముప్పై రోజుల్లో డబ్బు, కోత ఉంటే కారణం రాసివ్వాలి, పైనుంచి రాలేదన్నది కారణం కాదు. సైటు మేనేజరు చదివి, “ఏంది రెడ్డీ, లా చదివావా?” అని నవ్వాడు. చివరి ముక్క మీద పెన్ను పెట్టి కాసేపు ఆగాడు. కొట్టేస్తాడనుకున్నా. కొట్టెయ్యలా. ముప్పైని నలభై అయిదు చేసి సంతకం పెట్టాడు.