స్నేహితురాలి ఉద్యోగ వేటకు ఇద్దరం కలిసి వాడిన స్ప్రెడ్‌షీట్: నా సమీక్ష

నా స్నేహితురాలు ఉద్యోగం మారాలనుకున్నప్పటి నుంచి ఆఫర్ చేతికొచ్చేదాకా ఇద్దరం ఒకే స్ప్రెడ్‌షీట్ వాడాం. గూగుల్ షీట్స్ అయినా ఎక్సెల్ అయినా, ఇద్దరికీ రాసే వీలుంటే చాలు.

అన్నిటికంటే నాకు నచ్చింది, "ఏమైంది, ఎవరైనా పిలిచారా?" అని అడిగే పని లేకపోవడం. ఉద్యోగం వెతుక్కునేవాళ్లను ఆ ప్రశ్న ఎంత కుంగదీస్తుందో పక్కనుంటేనే తెలుస్తుంది. సంగతి షీట్‌లోనే కనబడేది కాబట్టి, కలిసినప్పుడు నేరుగా మాక్ ఇంటర్వ్యూలో, అంటే సాధన కోసం చేసే ఉత్తుత్తి ఇంటర్వ్యూలో, కూర్చునేవాళ్లం.

కంపెనీ పేరు, తేదీ ఎవరైనా రాస్తారు. ఉద్యోగ ప్రకటన మొత్తాన్ని కాపీ చేసి పెట్టడం మాత్రం మర్చిపోకండి. లింక్ ఒక్కటే దాచుకుంటే, ఇంటర్వ్యూ పిలుపు వచ్చేసరికి ఆ పేజీ తీసేసి ఉండొచ్చు. ఎక్కడికి ఏ రెజ్యూమె పంపామో కూడా రాసుకోవాలి, ప్రశ్నలు దాన్నిబట్టే వస్తాయి కదా.

'ఎవరి ద్వారా' అనే కాలమ్ మాకు చాలా నేర్పింది. దగ్గరివాళ్లకన్నా ముఖపరిచయం ఉన్నవాళ్ల ద్వారానే కొత్త అవకాశాల కబురు ఎక్కువగా అందుతుందని సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ 1970ల్లోనే చూపించారు. 2022లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం, 2 కోట్ల మందికి పైగా లింక్డిన్ వాడకందారుల సమాచారం చూసి, మరీ దగ్గర కాని, మరీ దూరం కాని పరిచయాలు ఎక్కువ ఉపయోగపడతాయని తేల్చింది. మా షీట్‌లోనూ అంతే, పిలుపులు ఎక్కువగా పాత ఆఫీసుల్లోని పరిచయస్తుల నుంచే వచ్చాయి. అది చూశాకే తను మొహమాటం వదిలి వాళ్లకు మెసేజ్‌లు పెట్టింది.

ఎక్కడ ఆగిపోతున్నామో కూడా షీటే చెబుతుంది. అసలు పిలుపులే రాకపోతే రెజ్యూమె చూడాలి. రెండు కాలమ్స్ డిజైన్ ఉన్న రెజ్యూమెను, కంపెనీలు వడపోతకు వాడే స్క్రీనింగ్ సాఫ్ట్‌వేర్ కలగాపులగంగా చదివే ప్రమాదం ఉంది. నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి చూస్తే వరస చెదిరిందో లేదో ఇట్టే తెలుస్తుంది. పిలుపులొచ్చి మొదటి రౌండ్‌లోనే పోతుంటే, రెజ్యూమెను ఎంత దిద్దినా లాభం లేదు. సందర్భం, మన బాధ్యత, మనం చేసిన పని, ఫలితం అనే వరసలో జవాబులు చెప్పడం సాధన చేయాలి. నా స్నేహితురాలికి అడ్డుపడింది ఇదే. 'మేము చేశాం' అని చెప్పేది తప్ప 'నేను చేశాను' అని చెప్పేది కాదు.

లోపాలూ ఉన్నాయి. కాలమ్స్ పెరిగేకొద్దీ ఫోన్‌లో చూడటం కష్టం. 'రిజెక్ట్' అని తన చేత్తో టైప్ చేయడం తనకు భారంగా ఉండేది, అందుకే తనని అడిగి ఆ గళ్లు నేనే నింపేదాన్ని. రెండు మూడు చోట్లకే అప్లై చేసేవాళ్లకైతే ఇంత అక్కర్లేదు, ఒక నోట్‌బుక్ సరిపోతుంది.