తంగేడు అని చెప్పి సీమ తంగేడు అంటగట్టారు, కొనేముందు చూసుకోండి

ఇప్పుడే ఆ నర్సరీ నుంచి వచ్చాను, చేతులు ఇంకా వణుకుతున్నాయి. హైవే పక్కన సిమెంటు కుండీలు పేర్చి ఉంటాయే, అక్కడే. మీలో చాలామంది కొనే చోటే.

మా పెరడంతా ఏళ్లుగా సర్కారు తుమ్మ, వయ్యారిభామ. నిరుడు వానాకాలానికి ముందు కొట్టించి, మన నేల మొక్కలే పెడితే తుమ్మెదలు, సీతాకోకచిలుకలు వస్తాయని 14 తంగేడు మొక్కలు తెచ్చాను. ఒక్కోటి 120 రూపాయలు. ముందే వాట్సాప్‌లో అడిగాను. "మన బతుకమ్మ తంగేడే అక్కా" అని రాశాడు.

మొన్న అమ్మ ఊరి నుంచి వచ్చింది. ఈసారి బతుకమ్మకు మన పెరట్లో పువ్వే అని సంబరంగా వెళ్లి, ఒక కొమ్మ వంచి చూసి ఆగిపోయింది. "ఇది తంగేడు కాదు బిడ్డా, చెవులేవి?" అంది. తంగేడుకి ఆకుకాడ మొదట్లో గుండ్రటి చిన్న ఆకులు చెవుల్లా అంటుకుని ఉంటాయి. మావాటికి ఒక్కదానికీ లేవు. రోడ్ల పక్కన నీడకి పెంచే సీమ తంగేడు అది! పొద కాదు, 50 అడుగుల దాకా పోయే చెట్టు. గోడ వెంబడి మూడేసి అడుగులకొకటి పెట్టాను. అప్పుడే మనిషెత్తు దాటాయి.

ఇవాళ కొమ్మ తీసుకెళ్లి, ఆ మెసేజ్ చూపించాను. అతను ఫోన్ వైపు చూడను కూడా చూడలేదు. "తంగేడు గట్ల మీద ఊకెనే దొరుకుతదమ్మా, పైసలు పెట్టి ఎవరు కొంటరు? గిది గూడ పచ్చగనే పూస్తది గదా" అన్నాడు. అంటే తెలిసే ఇచ్చాడు. నేను అక్కడ నిలబడి ఉండగానే ఇంకొకామె ఆటోలోకి అవే మొక్కలు, అదే పేరుతో ఎక్కిస్తున్నాడు. ఆమెకి చెప్పాను, దించేసింది. నన్ను బయటికి పొమ్మన్నాడు.

డబ్బు కంటే ఏడాదిన్నర పోయినందుకే ఏడుపొస్తోంది. చిన్నప్పుడు గంపలకొద్దీ తంగేడు కోసినదాన్ని, కొన్న రోజే ఆకుకాడ చూసుకోవాల్సింది. తప్పు నాదే.

పేరు నమ్మకండి, చెవులు చూసి కొనండి. అసలు కొనక్కర్లేదు కూడా. గట్ల మీద ఎండిన కాయలు ఏరి, గింజలు వేడినీళ్లలో ఒక రాత్రి నానబెట్టి పెట్టుకోండి. మేమిద్దరం రేపు కాయల కోసం ఊరికి వెళ్తున్నాం.