పిల్లల కాల్షియం సిరప్: కొనేముందు చూడవలసిన అంకెలు

హైదరాబాదులోని దాదాపు ప్రతి మెడికల్ షాపులోనూ దొరికే, కాల్షియం కార్బొనేట్, విటమిన్ డి3 కలిసిన 200 మిల్లీలీటర్ల సిరప్ గురించి ఈ సమీక్ష. పాలు ముట్టని మా ఎనిమిదేళ్ల అమ్మాయికి పిల్లల డాక్టరు దీన్ని రోజుకు 5 మిల్లీలీటర్ల చొప్పున రాసిచ్చారు. ఇదే కూర్పును ఎన్నో కంపెనీలు వేర్వేరు పేర్లతో అమ్ముతున్నందువల్ల, పేరును పక్కన పెట్టి సీసాలో ఏముందో పరిశీలించడమే మేలనిపించింది. నా అభిప్రాయం ముందే చెబుతాను. భోజనంలో తక్కువైన కాల్షియాన్ని పూడ్చడానికి ఇది నమ్మదగిన మందు. ఎంత తక్కువైందో చూసుకోకుండా, పిల్లలు పొడుగవుతారన్న ఆశతో కొనదగినది మాత్రం కాదు.

మా సీసా మీద, ప్రతి 5 మిల్లీలీటర్లలో 625 మిల్లీగ్రాముల కాల్షియం కార్బొనేట్ ఉందనీ, అది 250 మిల్లీగ్రాముల ఎలిమెంటల్ కాల్షియానికి సమానమనీ, దానితోపాటు 125 ఐయూ (విటమిన్లను కొలిచే అంతర్జాతీయ యూనిట్లు) విటమిన్ డి3 ఉందనీ రాసి ఉంది. వీటిలో మనం లెక్కలోకి తీసుకోవలసింది ఎలిమెంటల్ కాల్షియం అంకెనే, ఎందుకంటే మిగిలిన బరువంతా ఆ లవణంలోని ఇతర భాగానిది. కార్బొనేట్ బరువులో 40 శాతం, ఇతర కాల్షియం లవణాలైన సిట్రేట్‌లో దాదాపు 21 శాతం, గ్లూకోనేట్‌లో దాదాపు 9 శాతం మాత్రమే అసలు కాల్షియం. అందువల్ల 500 మిల్లీగ్రాములని రాసి ఉన్న రెండు మందుల్లో, కార్బొనేట్ అయితే 200 మిల్లీగ్రాములు, గ్లూకోనేట్ అయితే 45 మిల్లీగ్రాములు అందుతాయి. ఇంత ముఖ్యమైన అంకెను మా సీసా వెనుకవైపు చిన్న అక్షరాల్లో వేసి, ముందువైపు బలమైన ఎముకల బొమ్మకు చోటివ్వడం నాకు నచ్చలేదు. ధరలు పోల్చేటప్పుడు కూడా సీసా పరిమాణాన్ని కాక, ఎలిమెంటల్ కాల్షియం మోతాదునే చూడాలి.

పిల్లలకు ఎంత కావాలన్న ప్రశ్నకు జవాబు మన నగరంలోనే ఉంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి 2020లో ఇచ్చిన ప్రమాణాల ప్రకారం ఒకటి నుంచి మూడేళ్ల పిల్లలకు రోజుకు 500 మిల్లీగ్రాములు, నాలుగు నుంచి ఆరేళ్ల వారికి 550, ఏడు నుంచి తొమ్మిదేళ్ల వారికి 650, పది నుంచి పన్నెండేళ్ల వారికి 850, పదమూడు నుంచి పదిహేనేళ్ల వారికి 1000, ఆపైన పద్దెనిమిదేళ్ల వరకు 1050 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. అమెరికాలో ఉన్న బంధువులు పంపిన కాల్షియం మందుల డబ్బాల మీద మాత్రం వేరే అంకెలు కనిపిస్తాయి. అక్కడి ప్రమాణం నాలుగు నుంచి ఎనిమిదేళ్ల వారికి 1000, తొమ్మిది నుంచి పద్దెనిమిదేళ్ల వారికి 1300 మిల్లీగ్రాములు.  ఆ అంకెలు చూసి తల్లిదండ్రులు తమ పిల్లలకు సగం కూడా అందడం లేదని భయపడి మోతాదు పెంచడం నేను చూశాను. రెండు దేశాల నిపుణులూ తమ తమ ప్రజల ఆహారాన్ని దృష్టిలో పెట్టుకుని లెక్క కట్టినవి కాబట్టి, ఇక్కడి అన్నం తినే పిల్లలకు ఇక్కడి ప్రమాణాన్నే పాటించడం సబబు.

ఇక కంచం సంగతి. ఆవు పాలైనా గేదె పాలైనా 100 మిల్లీలీటర్లకు సుమారు 120 మిల్లీగ్రాముల కాల్షియం ఇస్తాయి. రాగుల్లో 100 గ్రాములకు సుమారు 350 మిల్లీగ్రాములు ఉంటుంది. నువ్వుల్లో అంతకు మూడింతలకు పైగానే ఉంటుంది. మా అమ్మాయి పాలు తాగకపోయినా పెరుగన్నం ఇష్టంగా తింటుంది. ఒక కప్పు పెరుగుతో దాదాపు 200, ముప్ఫై గ్రాముల రాగి పిండితో కాచిన జావతో దాదాపు 100, ఇడ్లీలో నంజుకునే పది గ్రాముల నువ్వుల పొడితో మరో 120 వరకు చేరతాయి. పప్పు, ఆకుకూరల వల్ల ఇంకొంత వస్తుంది. పాలకూర మీద మాత్రం పెద్ద ఆశ పెట్టుకోకూడదు, దానిలోని ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టి ఉంచి ఒంటికి పట్టనివ్వవు. ఈ వయసుకు కావలసిన 650తో పోల్చి చూస్తే, రాగి జావ, నువ్వుల పొడి తిన్న రోజున లోటు స్వల్పం. అవి లేని రోజున 300 మిల్లీగ్రాములకు పైనే. ఆ లోటులో అధిక భాగాన్ని ఒక్క 5 మిల్లీలీటర్ల మోతాదు పూడ్చగలదు. డాక్టరు చెప్పినదానికన్నా ఎక్కువ పోయడానికి ఏ కారణమూ కనిపించదు.

వాడకం విషయంలో సిరప్‌కు మంచి మార్కులే ఇస్తాను. సున్నపు రుచిని తీపి కొంతవరకు కప్పివేసింది, పిల్ల పేచీ పెట్టలేదు. కార్బొనేట్ నీటిలో కరగదు కాబట్టి సీసా అడుగున పేరుకుంటుంది. బాగా కుదపకుండా పోస్తే మొదటి మోతాదుల్లో నీరు, చివరి మోతాదుల్లో చిక్కని ముద్ద వస్తాయి. వంటింటి చెంచాతో కాక, సీసాతో వచ్చిన కొలత మూతతోనే పోయాలి. కార్బొనేట్ ఒంటికి పట్టడానికి జీర్ణాశయంలోని ఆమ్లం అవసరం, అందుచేత దాన్ని భోజనంతో ఇవ్వడమే మంచిది. మలబద్ధకం వస్తే డాక్టరుకు చెప్పాలి. ఐరన్ మందుతో కలిపి ఇవ్వకూడదు, కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. ప్రభుత్వ బడుల్లో చిన్నపిల్లలకు వారానికొకసారి ఇచ్చే గులాబీ రంగు ఐరన్ మాత్ర వేసుకున్న రోజున కూడా ఈ జాగ్రత్త పాటించాలి.

విటమిన్ డి విషయంలోనే ఈ సిరప్ వెనుకబడింది. పిల్లలకు రోజుకు 600 ఐయూ కావలసి ఉండగా, మా మోతాదులో ఉన్నది 125 మాత్రమే. తెల్లవారగానే బడి వ్యాను ఎక్కి, సాయంత్రం ట్యూషన్ నుంచి నేరుగా అపార్ట్‌మెంటుకు చేరే పిల్లలకు, చర్మంలో ఈ విటమిన్ తయారయ్యే మధ్యాహ్నపు ఎండ దాదాపుగా తగలదు. అయినా సీసా మీద డి3 అన్న పేరు చూసి ఆ అవసరమూ తీరిందనుకునే వారు ఉన్నారు. దీనికి భిన్నంగా, 60,000 ఐయూల పొట్లాలను సొంతంగా కొని పిల్లలకు పట్టేవారూ ఉన్నారు. అది మరింత ప్రమాదకరం, ఎందుకంటే విటమిన్ డి మితిమీరితే రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాలు దెబ్బతినవచ్చు.

ఎత్తు పెరుగుతారన్న ప్రచారాన్ని మాత్రం నేను అంగీకరించలేను. ఆరోగ్యవంతులైన పిల్లలపై జరిగిన 19 పరీక్షలను కలిపి చూసిన ఒక సమీక్ష 2006లో వెలువడింది. కాల్షియం మందుల వల్ల ఎముకల సాంద్రతలో కలిగే లాభం చాలా స్వల్పమని అందులో తేలింది. ఎత్తు మీద ప్రభావం లేదని అదే బృందం మరుసటి ఏడాది తెలిపింది. పాలు పడని పిల్లలకు, రికెట్స్ (ఎముకలు మెత్తబడే జబ్బు) ఉన్నవారికి, మూర్ఛ మందులు గానీ దీర్ఘకాలం స్టెరాయిడ్లు గానీ వాడుతున్న వారికి డాక్టరు ఈ మందు రాయడం వేరు. పక్కింటి పిల్ల పొడుగ్గా ఉందని మనం కొనడం వేరు.

చీటీలో రాసిన పేరు దొరకనప్పుడు షాపువారు అదే మందంటూ మరో సీసా ఇస్తారు. అప్పుడు కౌంటరు దగ్గరే రెండు సీసాల మీద 5 మిల్లీలీటర్లకు ఎలిమెంటల్ కాల్షియం ఎంత, విటమిన్ డి3 ఎంత, లవణం ఏది అన్నవి పోల్చి చూసి, ఏ ఒక్కటి మారినా మోతాదు గురించి డాక్టరుకు ఫోన్ చేసి అడిగిన తరువాతే డబ్బులు చెల్లించండి.